టీ తెచ్చారు

"నదికి ఇవతల రంగూను, అవతల దల్లా. మేం ఉండేది దల్లాలోనండి" అని జ్ఞానమణి మొదలుపెట్టగానే, హాసిని టీపాయ్ మీదున్న ఫోన్‌ని ఇంకాస్త ముందుకు జరిపింది. ఫోన్లో రికార్డింగు నడుస్తోంది. ముసలావిడ గొంతు సన్నది. ఒక్క మాట జారిపోయినా మళ్ళీ దొరకదని హాసిని భయం.

హాసిని హైదరాబాదులో యూనివర్సిటీలో ఎం.ఏ. రెండో ఏడు. సముద్రాలు దాటి వెళ్ళిన ఆసియా జనాల చరిత్ర, వాళ్ళ సంస్కృతి, వాళ్ళ బతుకులు, ఇదీ చదువు. తిరువూరు మెయిన్ రోడ్డులో ఎరువుల కొట్టు నడిపే సతీష్‌కుమార్‌కి కూతురి చదువు ఏమిటో ఇప్పటికీ నోరు తిరగదు. కొట్టుకొచ్చిన రైతులు అడిగితే "అదేనండీ, ఎన్నారైల చదువు" అని తేల్చేస్తాడు. క్లాసులో అందరికీ ఒకటే పని ఇచ్చారు. సముద్రం దాటిన మనిషినెవరినైనా వెతికి పట్టుకుని, వాళ్ళ మాటలు రికార్డు చేసి, పేపరు రాయాలి. తోటివాళ్ళు మలేషియాకీ ఫిజీకీ వీడియో కాల్స్ చేసుకుంటూ తంటాలు పడుతుంటే, హాసినికి మాత్రం సొంత ఊళ్ళోనే మనిషి దొరికింది. చర్చి వెనక కాలనీలో ఉంటుంది జ్ఞానమణి. సీజన్లో హాసినీ వాళ్ళ గోడౌనుకే మిరపకాయల తొడిమలు తీయడానికి వస్తుంది. రంగూన్లో పుట్టింది. బర్మా నుంచి మనవాళ్ళని పంపించేసినప్పుడు, పదేళ్ళ పిల్లగా ఓడలో విశాఖపట్నం వచ్చింది. పెళ్ళయి తిరువూరు చేరింది. ఇన్నేళ్ళూ ఆవిడ వాళ్ళ గోడౌన్లో కూర్చుంటే, ఎక్కడ పుట్టావని అడిగినవాళ్ళు లేరు.

కాలనీలో ఆటోల గోల, మైకుల గోల. అందుకని జ్ఞానమణిని ఇంటికే పిలిపించింది. నానమ్మ సరోజినీదేవి వరండాలోంచి ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి హాల్లో వేయించింది. హాసిని సోఫాలో కూర్చుంది. కుర్చీ ఫోన్‌కి దగ్గరగా ఉంది, మాట బాగా పడుతుంది అనుకుంది తప్ప ఆ కుర్చీ గురించి ఇంకేమీ ఆలోచించలేదు.

"మా నాన్న పేరు ఏసురత్నం అండి. బియ్యం మిల్లులో బస్తాలు మోసేవాడు. మిల్లు గేటుకెదురుగా టీ కొట్టు. బర్మావాడిది. ఇంతింత ఎత్తు పీటలు వేసేవాడు. బల్లమీద వేడి టీ కెటిలు ఎప్పుడూ ఉండేది. పాలు, పంచదార లేని టీ. దానికి డబ్బులు తీసుకోడు. పక్కనే ఓ గిన్నెలో నీళ్ళు పోసి, అందులో చిన్న చిన్న కప్పులు వేసి ఉంచేవాడు. ఎవరొచ్చినా ఒకటి తీసుకోవడం, కడుక్కుని పోసుకు తాగడం, మళ్ళీ ఆ గిన్నెలోనే వేసేయడం. మా నాన్న తాగిన కప్పులోనే మిల్లు గుమస్తా తాగేవాడు. గుమస్తా మన దేశపాయనే. పెద్దకులం. అక్కడ ఎవరూ ఏమీ అనుకునేవాళ్ళు కాదండి. ఇక్కడైతే..."

సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి సరోజినీదేవి వచ్చింది. పనిమనిషి ఉన్నా తనే కలిపి, తనే తెచ్చింది. ట్రేలో రెండు టీలు. ఒకటి స్టీలు గ్లాసులో. ఇంకోటి కాగితం గ్లాసులో. ఆ కాగితం గ్లాసుల కట్ట ఫ్రిజ్జు మీద ఉంటుంది. ఏసీ బాగుచేసేవాడికి, మేస్త్రీకి, గోడౌను వాళ్ళకి అందులోంచి తీస్తారు. వెనకటిలాగా చూరులో వేరే గ్లాసు దోపడం, దాన్ని వాళ్ళే కడుక్కోవడం, ఆ మోటతనమంతా పోయింది. ఇప్పుడు ఎవరూ ఎవరినీ ఏమీ అనక్కర్లేదు. తాగి పారేస్తే సరి.

"నీకు తీపి ఇష్టంగా, పంచదార ఎక్కువేశాను జ్ఞానమణీ" అంది సరోజినీదేవి ఆప్యాయంగానే.

"మీకెందుకండీ శ్రమ" అంటూ జ్ఞానమణి కుర్చీలోంచి సగం లేచి అందుకుంది. పల్చటి కాగితం, అంచుదాకా పోసిన టీ. వేలు కాలి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, చివరికి పైటచెంగు మడిచి దానితో పట్టుకుంది.

హాసిని చూసింది. చూడలేదని తర్వాత ఎన్నిసార్లు అనుకుందామనుకున్నా కుదరలేదు, స్పష్టంగా చూసింది. ఇప్పుడు ఏమన్నా అంటే నానమ్మ చిన్నబుచ్చుకుంటుంది, ఈవిడ లేచి వెళ్ళిపోతుంది, మంచి ఊపులో ఉన్న మాట కాస్తా తెగిపోతుంది. ఇదంతా ఒక్క క్షణంలో లెక్కేసుకుని, తన గ్లాసు అందుకుంది. నానమ్మ లోపలికి వెళ్ళేదాకా ఆగి, "ఇక్కడైతే, అన్నారు మామ్మగారూ, చెప్పండి" అంది.

జ్ఞానమణి చేతిలో గ్లాసువంక చూసుకుంది. గోడమీద గడియారం చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. "ఏముందండీ. ఇక్కడ కూడా బాగానే ఉంది" అంది.

ఆ తర్వాత ఓడ గురించి చెప్పింది. చెవుల కమ్మలు కూడా రేవులో తీయించేసుకున్న సంగతి, విశాఖపట్నంలో రేకుల క్యాంపు, ఆ క్యాంపులోనే జ్వరంతో నాన్న పోవడం. వెళ్ళేటప్పుడు ఖాళీ గ్లాసు ఎక్కడ పడేయాలో తెలియక అటూ ఇటూ చూసి, చదునుగా నొక్కి, తన సంచిలో పెట్టుకుని వెళ్ళింది.

* * *

మర్నాడంతా హాసిని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మాటలు కాగితం మీదకి దించింది. ఈ పనికి కొన్ని పద్ధతులున్నాయి. చెప్పిన మాట చెప్పినట్టు రాయాలి. దగ్గితే దగ్గారని, నవ్వితే నవ్వారని, మౌనంగా ఉంటే మౌనమని బ్రాకెట్లో పెట్టాలి. ఆ మౌనం ఎందుకొచ్చిందో కూడా తెలిస్తే రాయాలి. అంతా అయ్యాక చెప్పిన మనిషికి చదివి వినిపించి, ఒప్పుదల తీసుకోవాలి. ఒప్పుకోకపోతే ఒక్క ముక్క వాడుకోవడానికి లేదు.

"ఇక్కడైతే" దగ్గరికి వచ్చేసరికి చేయి ఆగింది. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నది. నానమ్మ చెప్పుల చప్పుడు, పంచదార మాట, గడియారం. బ్రాకెట్ పెట్టి "టీ తెచ్చారు" అని రాసి ముందుకు పోయింది. అబద్ధం కాదు కదా అనుకుంది.

పేపరు చూసే భానుశ్రీ మేడమ్, దించినంతవరకు పంపితే చదివి, సాయంత్రం ఫోన్ చేసింది. "టీ కొట్టు ముక్క అద్భుతంగా ఉంది హాసినీ. దాంతోనే మొదలుపెట్టు. కానీ ఒకటి చెప్పు. 'ఇక్కడైతే' అని ఆగిపోయి, 'ఇక్కడ కూడా బాగానే ఉంది' అంటుందేంటి? అది అతకలేదు. మధ్యలో టీ తెస్తే మాట మారిపోతుందా?"

హాసిని మొహం వేడెక్కిపోయింది. మేడమ్ ఎదురుగా లేనందుకు బతికిపోయాననుకుంది. నసిగి నసిగి, "మా నానమ్మ ఆవిడకి పేపర్ గ్లాసులో ఇచ్చింది మేడమ్" అంది.

"అది రాయి" అంది మేడమ్.

రాయడం మొదలుపెట్టాక చూస్తే కలం కాదు, కాలవ. సముద్రం దాటితే వదిలిన జబ్బు తిరిగొచ్చి ఒడ్డెక్కగానే ఎలా అంటుకుందో, వేరే గ్లాసు పోయి కాగితం గ్లాసు ఎలా వచ్చిందో, తన నానమ్మ తరం మనుషులు ఆప్యాయంగా చిరునవ్వుతోనే మనిషిని ఎలా దూరం పెడతారో రెండు పేజీలు ఏకధాటిగా రాసేసింది. కన్నతల్లి కంటే ఎక్కువగా పెంచిన నానమ్మను ఉతికి ఆరేయడానికి ఆ పిల్లకి ఒక్క పూట చాలింది. రాసేశాక గుండెల మీద బరువు దిగినట్టయింది. పంపిన కాసేపటికే మేడమ్ దగ్గర్నుంచి జవాబు. "చాలా ధైర్యంగా రాశావు. వచ్చేవారం సెమినార్లో నువ్వే మొదట చదవాలి." సెమినార్‌కి వేరే యూనివర్సిటీల వాళ్ళు కూడా వస్తున్నారు. హాసిని ఆ మాటను రెండుమూడుసార్లు చదువుకుంది. సిగ్గుపడాల్సిన చోట తనకి మెప్పు దొరికిందన్న సంగతి ఆ సంతోషంలో తట్టలేదు.

* * *

చదివి వినిపించడానికి కాలనీకి తనే వెళ్ళింది. జ్ఞానమణి వరండాలో చాప వేసుకుని చింతపండు గింజలు తీస్తోంది. రాతి మీద కాయ పెట్టి చిన్న సుత్తితో కొట్టడం, వేళ్ళతో చీల్చి గింజ పక్కకు నెట్టడం, పండును గంపలో వేయడం. మనిషిని చూసి చేతులు తుడుచుకోబోయింది గానీ, జిగురు అంత తేలిగ్గా వదలదు.

కోడలు గ్లోరి గబగబా లోపల్నుంచి మంచి కుర్చీ తెచ్చి, చున్నీతో తుడిచి వేసింది. "ఇప్పుడే వస్తానండి" అని వీధి చివర కొట్టుకి పరుగెత్తి, కూల్‌డ్రింకు సీసా తెచ్చింది. చల్లటి సీసాను తువ్వాలుతో తుడిచి, హాసిని పక్కన స్టూలు మీద పెట్టింది. "మూత తీయలేదండి. సీలు అలాగే ఉంది చూడండి" అంది.

హాసిని సీసావంక చూసింది. "ఇవన్నీ ఎందుకండీ. మంచినీళ్ళివ్వండి చాలు."

"అబ్బే, మా నీళ్ళు మీకు పడవులెండి" అంది గ్లోరి. ఎత్తిపొడుపు కాదు. ఇంటికొచ్చిన పెద్దింటి మనిషిని ఇబ్బంది పెట్టకూడదన్న మర్యాద అది. అందుకే హాసిని కాదనలేకపోయింది. మూత తీసి, గొంతు దిగని ఆ తీపి నీళ్ళు రెండు గుక్కలు మింగింది.

చదువుతుంటే జ్ఞానమణి సుత్తి పక్కన పెట్టి, చేతివేళ్ళతోనే చప్పుడు కాకుండా గింజలు తీస్తూ విన్నది. ఏసురత్నం పేరు వచ్చినప్పుడు "ఇంకోసారి చదవండి" అంది. చదివింది. "మా నాన్న పేరు ఎక్కడా రాతలో లేదండి. క్యాంపులో పోయినప్పుడు కూడా రాసుకున్నారో లేదో. ఫొటో కూడా లేదు. ఇందులో ఉంటదన్నమాట" అంది. ఆవిడ మొహంలో వెలుగు చూసి హాసిని ధైర్యంగా ముందుకు సాగింది. ఆ రెండు పేజీలూ చదివింది. చదువుతూ మధ్యలో తలెత్తి చూసింది కూడా, ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయేమోనని.

జ్ఞానమణి చేతులు ఆగిపోయి ఉన్నాయి.

"ఇది నేను చెప్పలేదుగా పాపగారూ."

"నేనే రాశాను మామ్మగారూ. జరిగింది కదా. మీకు జరిగిన అవమానం అందరికీ తెలియాలని."

"అందరికీ అంటే ఎవరికండి?"

"హైదరాబాదులో సెమినార్ ఉంది. పెద్ద పెద్దవాళ్ళొస్తారు."

"తిరువూరు వాళ్ళెవరన్నా వస్తారా?"

"రారు."

"మీ నానమ్మగారికి చదివారా?"

హాసిని చేతిలో కాగితాలు సర్దుకుంది. గ్లోరి గుమ్మంలో నిలబడి వింటోంది. జ్ఞానమణి ఒక గింజ తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, పక్కకి నెట్టింది.

"రేపు మీరు అక్కడ చదువుతారు. నలుగురూ చప్పట్లు కొడతారు. ఈ పిల్ల మంచిదంటారు. నేను మళ్ళీ మిరపకాయలకి మీ గోడౌనుకే వస్తాను. మీ నానమ్మగారు అందులోనే టీ పోస్తారు. నేను రంగూను సంగతి చెప్పానండి. మీరు అందులో మీ ఇంటి సంగతి రాసుకున్నారు." కోపం లేదు ఆ గొంతులో. "ముందు ఆవిడకి చదవండి. ఆవిడేమందో వచ్చి చెప్పండి. అప్పుడుగానీ నేను సరేననను."

"మీ నాన్నగారి పేరు కూడా ఆగిపోతుంది మామ్మగారూ" అంది హాసిని. అన్నాక, ఆ మాట ఎంత నీచంగా ఉందో తన చెవికే తెలిసి నాలుక కరుచుకుంది.

"ఇన్నాళ్ళూ ఆగిందిగా" అని, జ్ఞానమణి సుత్తి చేతిలోకి తీసుకుంది.

* * *

సరోజినీదేవి ఉదయమే దగ్గర్లోని నెమలి అనే ఊరు వెళ్ళి వేణుగోపాలస్వామి దర్శనం చేసుకుని, మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. భోజనమయ్యాక దివాను మీద కూర్చుని పత్తి ఒత్తులు చేసుకుంటోంది. పత్తిని సాగదీసి, అరచేత విభూతి అద్దుకుని, మోకాలి మీద ఒక్క నలుపుతో ఒత్తి తేల్చేస్తుంది. హాసిని కాగితాలు పట్టుకుని ఆ గదిలోకి రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ నీళ్ళు తాగే వంకతో వెళ్ళిపోయింది. హైదరాబాదులో వందమంది ముందు చదవడానికి లేని భయం, ఈ ఒక్క ముసలావిడ ముందు పుట్టుకొచ్చింది.

"ఏంటే ఆ తిరగడం. కూర్చో" అంది నానమ్మ.

"నా పేపరు చదువుతాను నానమ్మా. వింటావా?"

"చదువు. నాకర్థమయ్యేలాగుందా?"

తెలుగులోనే చదువుతానంది. చదివింది. నది అవతలి ఊరు, మిల్లు, టీ కొట్టు. ఓడరేవులో పసిపిల్ల చెవుల కమ్మలు తీయించుకున్న చోట సరోజినీదేవి ఒత్తి ఆపి, కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంది. "పాపం, ఎన్ని పడిందో. ఇన్నేళ్ళూ ఒక్క మాట చెప్పలేదు చూడు" అంది. అక్కడితో ఆపేస్తే ఎంత బాగుండేదో అనిపించింది హాసినికి. అయినా ఆ రెండు పేజీలూ చదివింది. ఇంట్లో చదువుతుంటే, రాసినప్పుడు మెరిసిన మాటలన్నీ ఎవరో పరాయివాళ్ళు రాసినట్టు బిగదీసుకుని వినిపించాయి. నానమ్మ మొహంవంక చూడలేక కాగితంలోనే తల దూర్చేసింది.

చదవడం అయింది. సరోజినీదేవి చాలాసేపు ఒత్తులు చేసింది.

"ఇచ్చాను. ఇవ్వలేదని ఎందుకంటాను. మా అత్తగారి రోజుల్లో వాళ్ళని గడప దాటనిచ్చేవాళ్ళం కాదు. నేను హాల్లో కుర్చీ వేయించాను. నా చేత్తో కలిపి ఇచ్చాను. నాకు చేతనైంది అంతవరకే. తప్పంటే తప్పే." ఇంకో పత్తి పింజ తీసుకుంది. "నా సంగతి రెండు పేజీలు రాశావు. బాగా రాశావు. నీ సంగతి రాయలేదేం?"

"నాదేముంది?"

"నువ్వక్కడే ఉన్నావుగా. నీ చేతిలో స్టీలు గ్లాసుందిగా. నేను ఖాళీ గ్లాసు తీసుకెళ్ళాను, చుక్క మిగల్లేదు. నానమ్మా, ఆ గ్లాసు నాకిచ్చి ఇది ఆవిడకియ్యి అంటే, నేను నిన్నేమన్నా కొట్టేదాన్నా?"

సరోజినీదేవి గొంతు పెంచలేదు. చివరి మాట దగ్గర వణికింది, అంతే. హాసిని రాసిన రెండు పేజీల్లో తిరువూరుంది, రంగూనుంది, మూడు తరాలున్నాయి, నానమ్మ చిరునవ్వు కూడా ఉంది. సోఫాలో కూర్చున్న మనిషి మాత్రం ఎక్కడా లేదు. నేల చీలి అందులోకి పోతే బాగుండుననిపించింది. కాగితాలు మడుచుకుని, నానమ్మకి సమాధానం చెప్పకుండానే లేచింది.

* * *

మర్నాడు వెళ్ళేసరికి జ్ఞానమణి గంపలో చింతపండు మీద ఉప్పు చల్లి, కుండలోకి గుప్పెళ్ళతో అదుముతోంది. ఇవాళ కుర్చీ వేసేదాకా ఆగకుండా, హాసిని చాప చివర కూలబడింది.

"చదివాను" అంది.

"ఏమందండి?"

నానమ్మ అన్నదంతా చెప్పింది. కుర్చీ మాట, తప్పంటే తప్పే అన్న మాట, స్టీలు గ్లాసు మాట, ఒక్కటీ దాచలేదు. జ్ఞానమణి కుండలోంచి చేయి తీయకుండానే విన్నది.

"మీ నానమ్మగారు కళ్ళు మూసుకోలేదన్నమాట" అంది చివరికి. "మరి మీరేమన్నారు?"

"ఏమీ అనలేదు."

"ఆ రోజూ అంతేగా."

ఆ మాటలో వెటకారం లేదు. ఉంటే హాసిని తట్టుకునేదే. రెండు కళ్ళల్లోంచీ నీళ్ళు దిగాయి. తుడుచుకోబోతే, ఏడ్చి ఆవిడ చేత ఊరుకోబెట్టించుకోవడం ఇంకా సిగ్గుమాలినతనం అనిపించి, తల పక్కకి తిప్పుకుంది. జ్ఞానమణి ఊరుకోబెట్టలేదు కూడా. లోపలికి వెళ్ళి చేతులు శుభ్రంగా కడుక్కుని, తుడుచుకుని, చాప మీద నిటారుగా కూర్చుంది.

"ఆ ఫోను తీయండి. నేను సరేనన్నట్టు అందులోనే చెప్పాలన్నారుగా."

హాసిని ఫోన్ చాప మీద పెట్టి రికార్డింగు నొక్కింది.

"నా పేరు జ్ఞానమణి. మా నాన్న పేరు ఏసురత్నం, దల్లా బియ్యం మిల్లులో పనిచేశాడు. ఈ అమ్మాయి చదివినదంతా విన్నాను. రంగూను సంగతీ ఓడ సంగతీ నేను చెప్పినవే. రాసుకోవచ్చు. మా నాన్న పేరు కోసం ఒప్పుకుంటున్నాను." కాస్త ఆగింది. "వాళ్ళింట్లో టీ సంగతి నేను చెప్పలేదు. అది నాది కాదు. ఎవరిదో వాళ్ళే చెప్పుకోవాలి."

అయిపోయిందనుకుని హాసిని చేయి చాపింది. జ్ఞానమణి ఫోన్‌ను ఇవతలికి లాక్కుని, దాన్ని హాసిని ముందుకి తిప్పి పెట్టింది.

"ఆపొద్దు. ఇప్పుడు నువ్వు చెప్పు."

పాపగారు పోయింది, మీరు పోయింది. గ్లోరి కూడా వచ్చి గుమ్మం మీద కూర్చుంది. హాసిని ఫోన్‌వంక చూసింది. ఎదుటివాళ్ళని అడగడమే తప్ప, దాని ముందు తను మాట్లాడటం ఎన్నడూ లేదు.

"నా పేరు హాసిని. మా నాన్న పేరు సతీష్‌కుమార్. మాది తిరువూరు. ఆ రోజు మా ఇంట్లో మామ్మగారికి కాగితం గ్లాసులో టీ ఇచ్చారు. నాకు స్టీలు గ్లాసులో. నేను చూశాను. వేలు కాలడం కూడా చూశాను. రికార్డింగు ఆగిపోతుందని ఏమీ అనలేదు." ఊపిరి తీసుకుంది. "నేను తాగాను."

"అడిగితే వేరే గ్లాసు వచ్చేది కాదా?" అంది జ్ఞానమణి.

"వచ్చేది."

"మరెందుకు తాగావ్?"

చెప్పడానికి హాసిని దగ్గర మంచి మాటలు చాలా ఉన్నాయి. రెండేళ్ళుగా నేర్చుకున్నవన్నీ ఉన్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు.

"ఎప్పుడూ అందులోనే తాగుతాను" అంది.

జ్ఞానమణి తల ఊపింది. ఫోన్ ఆపమని అనలేదు.